పాత పెద్ద టీవీ ఆగిపోయిందా? పాత సామాను బండికి వేసే ముందు ఇలా చూడండి

ఏడెనిమిదేళ్లు వాడిన 43 అంగుళాల టీవీయో 55 అంగుళాల టీవీయో ఉన్నట్టుండి ఆగిపోతే ముందు కష్టం ఇంట్లో పెద్దవాళ్లకే. మధ్యాహ్నం ఎస్‌వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం చూడటం అలవాటైన వాళ్లకు ఆ గంట గడవదు. ఆ తొందరలో ఎవరో ఒకరు వచ్చి నల్లటి తెర చూసి, "ప్యానెల్ పోయిందండీ, దీనికి పెట్టే బదులు కొత్తది తీసుకోండి" అనేస్తారు. ఆ ఒక్క మాటకు మంచి టీవీని పాత సామాను బండికి వేసేసిన ఇళ్లు మన తిరుపతిలో చాలానే ఉన్నాయి. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. తెర నల్లబడిందంటే చాలాసార్లు పోయేది ప్యానెల్, అంటే బొమ్మ చూపించే గాజు తెర కాదు. దాని వెనక వెలిగే లైట్లు పోతాయి, లేదంటే పవర్ బోర్డులో ఒక కెపాసిటర్ (ఛార్జ్ నిల్వ ఉంచే చిన్న డబ్బాలాంటి భాగం) ఉబ్బి ఉంటుంది. రెండూ బాగుచేసుకోగలిగినవే.

అందుకే ఏది పోయిందో తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి. ఎల్‌ఈడీ టీవీ లోపల ఉండేవి కొద్ది భాగాలే. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును తక్కువ వోల్టేజీలుగా మార్చేది పవర్ బోర్డు. ఛానెళ్లు, యాప్‌లు, హెచ్‌డీఎంఐ అన్నీ చూసుకునేది మెయిన్ బోర్డు. బొమ్మను ప్యానెల్‌కు అందించే చిన్న బోర్డు టీకాన్. ఆ తర్వాత ప్యానెల్, దాని వెనక వరుసగా ఉండే బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు. ఏ లక్షణం ఏ భాగానిదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

విప్పక ముందు

ముందు టీవీని స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు లేకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెడితే కరెంటు వస్తోందో లేదో తెలిసిపోతుంది. తర్వాత ప్లగ్గు తీసేసి, టీవీ మీద ఉన్న పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. పది నిమిషాలు అలాగే వదిలి మళ్లీ పెట్టండి. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయిన టీవీలు కొన్ని దీంతోనే లేస్తాయి.

రిమోట్ మీద అనుమానం ఉంటే ఫోన్ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందు భాగాన్ని దాని వైపు తిప్పి ఏదైనా బటన్ నొక్కండి. ఫోన్ తెరలో లేత ఊదా రంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగున్నట్టే. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు అది కనిపించదు, ముందు కెమెరాతో చూడండి.

బొమ్మ వస్తూ పాడుగా ఉంటే టీవీ సొంత మెనూ తెరవండి. మెనూ అక్షరాలు శుభ్రంగా ఉండి ఛానెల్ మాత్రమే పాడుగా ఉంటే తప్పు సెట్‌టాప్ బాక్సుది, లేదా హెచ్‌డీఎంఐ కేబుల్‌ది. కేబుల్ మార్చి, వేరే పోర్టులో పెట్టి చూడండి. గీతలు మెనూ మీద కూడా పడుతుంటే అప్పుడు టీవీ లోపలే ఏదో ఉంది.

టార్చి పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. సౌండ్ వస్తోంది, బొమ్మ లేదు, తెర నల్లగా ఉంది. రాత్రిపూట గదిలో లైట్లు ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చిని తెరకు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకోండి. మెల్లగా తెరంతా జరుపుతూ చూడండి. మనుషుల ఆకారాలో మెనూ అక్షరాలో మసకగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్, టీకాన్, మెయిన్ బోర్డు పని చేస్తున్నాయి. లోపం బ్యాక్‌లైట్ వైపే, అంటే ఆ లైట్లలోనో వాటిని వెలిగించే సర్క్యూట్‌లోనో. మెకానిక్ "ప్యానెల్" అన్నప్పుడు ఆయన ముందే ఈ పరీక్ష చేసి చూపించండి.

టీవీ ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు వెలిగి మళ్లీ నల్లబడి, సౌండ్ మాత్రం కొనసాగుతుంటే అది కూడా బ్యాక్‌లైటే. స్ట్రిప్పుల్లోని ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి సీరీస్‌లో ఉంటాయి. ఒక్కటి తెగితే ఆ వరుస మొత్తం ఆగిపోతుంది. అది గమనించి, ఆ లైట్లకు కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ రక్షణ కోసం లైటు మొత్తం ఆపేస్తుంది.

ప్లగ్గు పెట్టగానే టీవీ ముందు వెలగాల్సిన చిన్న ఎర్రలైటు కూడా లేకపోతే పవర్ బోర్డు వైపు చూడాలి. ఎర్రలైటు ఉండి, రిమోట్ నొక్కితే టిక్కుమని మళ్లీ ఆగిపోతుంటే పవర్ బోర్డు కావచ్చు, మెయిన్ బోర్డు కావచ్చు. సోనీ లాంటి కొన్ని కంపెనీల టీవీల్లో ఎర్రలైటు వరుసగా కొన్నిసార్లు మిణుకుమని, ఆగి, మళ్లీ అలాగే చేస్తుంది. ఆ మిణుకులు లెక్కపెట్టి రాసుకోండి. లోపం ఎక్కడుందో టీవీ చెప్పే పద్ధతి అది. మోడల్ నంబరు పెట్టి వెతికితే అర్థం దొరుకుతుంది.

విప్పేటప్పుడు

ఇక్కడ కాస్త నెమ్మది కావాలి. ప్లగ్గు తీసినా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. అది ప్రాణం తీయగలదు. ప్లగ్గు తీశాక కనీసం అరగంట ఆగండి. ఆ తర్వాత కూడా వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ను డీసీ 1000 వోల్టుల దగ్గర పెట్టి ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలవండి. ఇంకా వోల్టేజీ ఉంటే పాతకాలపు ఫిలమెంటు బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి, వాటిని కాసేపు ఆ కాళ్లకు తాకించి ఖాళీ చేయండి. వైర్ల కొసలు తప్ప మిగతాదంతా ఇన్సులేషన్‌లో ఉండాలి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది, అది వద్దు. నిప్పురవ్వ లేస్తుంది, బోర్డు కూడా దెబ్బతింటుంది. మల్టీమీటర్ ఎప్పుడూ పట్టుకోని వాళ్లు ఈ భాగం చదివి విషయం తెలుసుకుని, పని మాత్రం తెలిసిన మెకానిక్ చేతికి ఇవ్వండి.

టీవీని గోడ నుంచి దించడానికి ఇద్దరు కావాలి. మంచం మీదో పెద్ద బల్ల మీదో దుప్పటి పరిచి, తెర కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. దుప్పటి కింద రిమోటో తాళాలో ఉంటే తెర పగులుతుంది, ముందు చేత్తో తడిమి చూసుకోండి. వెనక మూత స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే లోపల బోర్డుకో ప్యానెల్‌కో తగులుతుంది. అందుకని తీసేటప్పుడే ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకోండి. కనెక్టర్లు ఊడదీసే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి.

మూత తీసి, పెద్ద కెపాసిటర్ ఖాళీ అయిందని తేలాక, వెంటనే మీటర్‌తో మిగతా పరీక్షలు మొదలుపెట్టకండి, ముందు కళ్లతో చూడండి. మన దగ్గర టీవీ లోపలికి వెచ్చదనం కోసం బల్లులు, చీమలు, బొద్దింకలు చేరతాయి. పవర్ బోర్డు మీద బల్లి పడి షార్ట్ అవడం మెకానిక్‌లందరూ చూసేదే. నల్లగా మాడిన చోటు, పగిలిన ఐసీ (నల్లటి చిప్), కమురు వాసన, తల ఉబ్బిన కెపాసిటర్, కదిలిన కనెక్టర్ కోసం వెతకండి. దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి, తడి గుడ్డ వద్దు.

పవర్ బోర్డు

మీటర్‌ను కంటిన్యుటీలో, అంటే తీగ తెగలేదంటే బీప్‌మనే సెట్టింగులో పెట్టి ఫ్యూజ్‌ను చూడండి. మీటర్ పలికితే బాగుంది. పలకకపోతే గాజు లోపల గమనించండి. తీగ సన్నగా తెగి గాజు శుభ్రంగా ఉంటే పెద్ద షార్ట్ లేకపోవచ్చు. గాజు నల్లగా, వెండిరంగుగా మాడి ఉంటే వెనక ఏదో గట్టిగా షార్ట్ అయినట్టే. అప్పుడు ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్, కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే స్విచింగ్ మాస్‌ఫెట్, ఫ్యూజ్ పక్కన బిళ్లలా ఉండే వేరిస్టర్ చూడాలి. ఉరుములు, హై వోల్టేజీ వచ్చినప్పుడు ఆ వేరిస్టరే ముందు పోతుంది. ఫ్యూజ్ స్థానంలో తీగ ముక్క వేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఇల్లు కాలిపోయే పని అది. బోర్డు మీద ఎన్ని ఆంపియర్లు, ఏ రకం అని రాసి ఉందో అదే వేయాలి.

కొత్త ఫ్యూజ్ వేశాక నేరుగా కరెంటు ఇవ్వకండి. మెకానిక్‌ల దగ్గర సీరీస్ బోర్డు ఉంటుంది, అంటే టీవీకి ముందు సీరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. అయినా బల్బు అడ్డు ఉంది కాబట్టి ఫ్యూజ్ మాడదు, బోర్డు ఇంకా పాడవదు. ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.

వోల్టేజీలు ఇలా ఉంటాయి. మన 230 వోల్టుల ఏసీ బ్రిడ్జి దాటాక పెద్ద కెపాసిటర్ మీద 310 నుంచి 325 వోల్టుల డీసీ అవుతుంది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉన్న పెద్ద టీవీల్లో ఆన్ అయ్యాక అది 380, 390 దాకా వెళుతుంది. ఇవతలి వైపు, అంటే మిగతా బోర్డులకు తక్కువ వోల్టేజీ ఇచ్చే వైపు, స్టాండ్‌బైకి సాధారణంగా 5 లేదా 3.3 వోల్టులు, ఆన్ అయ్యాక 12 వోల్టులు, కొన్నింట్లో 24 ఉంటాయి. ఏ పిన్నుకు ఎంత రావాలో బోర్డు మీదే చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. ఒక జాగ్రత్త: కరెంటు వైపు, ఇవతలి వైపు గ్రౌండ్‌లు వేరు. 310 కొలిచేటప్పుడు మీటర్ నల్ల ప్రోబ్ ఆ పెద్ద కెపాసిటర్ మైనస్ కాలి మీదే ఉండాలి. ఇవతలి వోల్టేజీలకు టీవీ రేకు మీద పెట్టొచ్చు.

5 రావలసిన చోట 3.5 వస్తోందా, పొద్దున పదిసార్లు నొక్కితే గానీ ఆన్ కాక, వేడెక్కాక బాగా నడుస్తోందా, అయితే ఇవతలి వైపు చిన్న కెపాసిటర్లు ఎండిపోయాయి. తల ఉబ్బకుండానే ఎండిపోయినవీ ఉంటాయి. కొత్తవి అదే మైక్రోఫారడ్ విలువతో, అదే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువ వోల్టేజీతో, 105 డిగ్రీలు అని రాసి ఉన్న లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం తీసుకోండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో 85 డిగ్రీల రకం ఎక్కువ కాలం నిలవదు. ప్లస్ మైనస్ తారుమారు చేస్తే పేలుతుంది. ఒకటి ఉబ్బితే పక్కనున్న అదే రకం అన్నీ మార్చేయడం మంచిది, వాటి ధర ఏమంత ఉండదు.

బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు

పాత ఎల్‌ఈడీ టీవీల్లో ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. ఓపిక కావాల్సింది కూడా ఇక్కడే, ఎందుకంటే స్ట్రిప్పులు చేరాలంటే ప్యానెల్ గాజు తీయాలి. 55 అంగుళాల గాజు ఎంత పల్చగా ఉంటుందో చేత్తో పట్టుకున్నాక గానీ తెలియదు. కాస్త వంగినా, ఒక మూల ముందు లేచినా పగులుతుంది. గాజుకు అంటుకుని ఉండే రిబ్బన్ లాంటి సన్నటి ఫిల్ములు లాగితే తెర మొత్తం పోతుంది. అందుకే పెద్ద టీవీ గాజును ఇంట్లో మీరొక్కరే తీయకండి. ఇద్దరు ఉన్న షాపులో, గాజు పెట్టడానికి విడిగా పెద్ద బల్ల ఉన్న చోట చేయించండి. షాపు ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఆ బల్లే.

గాజు తీయక ముందే ఒక పరీక్ష ఉంది. పవర్ బోర్డు నుంచి స్ట్రిప్పులకు వెళ్లే కనెక్టర్ దగ్గర డీసీ వోల్టేజీ కొలుస్తూ టీవీ ఆన్ చేయాలి. వోల్టేజీ పైకి లేచి వెంటనే పడిపోతే డ్రైవర్ బాగుంది, స్ట్రిప్పులో ఎల్‌ఈడీ తెగింది. అసలు లేవకపోతే డ్రైవర్ సర్క్యూట్ పోయి ఉండొచ్చు, లేదా మెయిన్ బోర్డు నుంచి లైటు వెలిగించమనే సంకేతం రావడం లేదు. ఆ కనెక్టర్‌లో వంద వోల్టులు దాటొచ్చు, చెయ్యి తగలకూడదు. ఎల్‌ఈడీ టెస్టర్ ఉన్న మెకానిక్ ఏ స్ట్రిప్పు పోయిందో నిమిషంలో చెబుతాడు.

ఒక్క ఎల్‌ఈడీ పోతే ఒక్కటే మార్చి పంపే షాపులు ఉన్నాయి. ఖర్చు తక్కువే, కానీ మిగతావీ అంతే వయసు తిన్నవి. కొన్ని నెలలకు ఇంకోటి పోతుంది, మళ్లీ గాజు తీయాలి, మళ్లీ ఆ ప్రమాదం. నా మాట వింటే మొత్తం సెట్టు మార్పించండి. స్ట్రిప్పు మీద ముద్రించిన నంబరు, ఎన్ని ఎల్‌ఈడీలు, పొడవు, ఎల్‌ఈడీ 3 వోల్టులదా 6 వోల్టులదా, ఈ నాలుగూ సరిపోవాలి. టీవీ మోడల్ ఒక్కటే చెప్పి తెస్తే తరచూ తేడా వస్తుంది, ఒకే మోడల్‌లో కంపెనీలు రెండు మూడు రకాల ప్యానెళ్లు వాడతాయి.

తెర నీలంగానో ఊదాగానో మారిపోతే అదీ స్ట్రిప్పుల పనే. నీలి ఎల్‌ఈడీ మీద ఉండే పసుపు ఫాస్ఫర్ పూత వేడికి పాడవుతుంది. తెర మీద అక్కడక్కడ నిండు చంద్రుళ్లలా తెల్లటి గుండ్రాలు కనిపిస్తే ఎల్‌ఈడీ మీది చిన్న లెన్సు ఊడి పడింది. దాన్ని తగిన జిగురుతో మళ్లీ అతికిస్తే చాలు, స్ట్రిప్పు మార్చక్కర్లేదు.

కొత్త స్ట్రిప్పులు వేశాక మెనూలో బ్యాక్‌లైట్‌ను 60, 70 దగ్గర ఉంచండి. ఎప్పుడూ 100లో నడపడం వల్లే చాలా స్ట్రిప్పులు తొందరగా పోతాయి. మంచి మెకానిక్ అయితే డ్రైవర్‌లో కరెంటును కూడా కొద్దిగా తగ్గించి ఇస్తాడు, అడగండి.

గీతలు, సగం తెర

టీకాన్ నుంచి ప్యానెల్‌కు వెళ్లే చదునైన కేబుళ్లు, మెయిన్ బోర్డు నుంచి టీకాన్‌కు వచ్చే కేబుల్ తీసి మళ్లీ సరిగ్గా బిగించండి, ప్లగ్గు తీసి ఉన్నప్పుడు మాత్రమే. కొసలు మసిబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అంతమాత్రానికే బాగయ్యేవి ఉన్నాయి.

రెండు కేబుళ్లు ఉన్న ప్యానెల్ అయితే ఒకదాన్ని తీసి టీవీ ఆన్ చేసి చూడండి, తర్వాత దాన్ని పెట్టి రెండోది తీసి చూడండి. ఒక వైపు తీసినప్పుడు మిగతా సగంలో బొమ్మ చక్కగా వస్తే టీకాన్ బాగుంది, తీసిన వైపు ప్యానెల్‌లో షార్ట్ ఉంది. ఏది తీసినా తేడా లేకపోతే టీకాన్ మీదే అనుమానం. దాని మీది చిన్న ఫ్యూజ్‌లు, 12 వోల్టుల రాక చూడాలి.

ఒకే చోట కదలకుండా నిలువు గీత, లేదా పైనుంచి కిందిదాకా వెడల్పాటి పట్టీ ఉంటే గాజు అంచున అతికించిన ఫిల్మ్ బంధం ఊడి ఉంటుంది. దీన్ని అతికించాలంటే బాండింగ్ యంత్రం కావాలి. చేసేవాళ్లు ఉన్నారు, కానీ ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అంచున వేలితో నొక్కితే గీత పోతోందని ఫ్రేములో కాగితం ముక్కలు కుక్కడం చూస్తుంటాం. గాజు పగలడానికి అది దగ్గరి దారి.

లోగో దగ్గర ఆగిపోతే

స్మార్ట్ టీవీ కంపెనీ లోగో చూపించి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మెనూ దాకా రాకపోతే టీవీ బటన్లతో చేసే పద్ధతి ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. తర్వాత అదే మోడల్ సాఫ్ట్‌వేర్‌ను ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించాలి. వేరే మోడల్‌ది ఎక్కిస్తే అసలు లేవకుండా పోవచ్చు. దాంతోనూ కుదరకపోతే మెమరీ చిప్ అరిగిపోయి ఉండొచ్చు. చిప్ మార్చడం తెలిసినవాళ్లు చేస్తారు, లేదంటే అదే నంబరు పాత మెయిన్ బోర్డు దొరికితే వేయించవచ్చు. యాప్‌లు మాత్రమే నెమ్మదైతే బోర్డు జోలికే పోకండి, హెచ్‌డీఎంఐలో పెట్టుకునే, యాప్‌లు నడిపే చిన్న స్టిక్ ఒకటి కొంటే చాలు.

ప్లాస్మా, పాత ఎల్‌సీడీ, పెద్ద డబ్బా టీవీ

ప్లాస్మా టీవీల తయారీని ప్యానసోనిక్, శామ్‌సంగ్, ఎల్‌జీ 2013, 2014 ప్రాంతంలోనే ఆపేశాయి. కెపాసిటర్ లాంటి చిన్న రిపేరు అయితేనే చేయించండి. ట్యూబులైట్ రకం బ్యాక్‌లైట్ ఉన్న పాత ఎల్‌సీడీల్లో ఆ ట్యూబులను వెలిగించే ఇన్వర్టర్ బోర్డు ఎక్కువగా పోతుంది. 29 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీని మాత్రం ఇంట్లో విప్పొద్దు. ట్యూబ్ మీద 25 వేల వోల్టులు, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు, ఆపేశాక కూడా ఛార్జ్ నిలిచి ఉంటుంది.

విడిభాగాలు, ఖర్చు

ఊళ్లోని షాపుల్లో మామూలు కెపాసిటర్లు, ఫ్యూజ్‌లు, ఎక్కువగా అమ్ముడయ్యే మోడళ్ల స్ట్రిప్పులు దొరుకుతాయి. దొరకనివాటికి చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ ఉంది. రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఫోటో సరిపోదు, పాత భాగాన్నే వెంట తీసుకెళ్లండి. వీలైతే ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు కూడా రాసుకెళ్లండి.

కొత్త టీవీ ధరలో మూడో వంతు దాటే రిపేరు నేనైతే చేయించను. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పోల్చేటప్పుడు పాత ధర కాకుండా ఇప్పటి ధరే చూడండి. గాజు పగిలితే లెక్క వేయక్కర్లేదు. పెద్ద టీవీ ఖర్చులో ఎక్కువ భాగం ప్యానెల్‌దే. షాపులో ఇచ్చేటప్పుడు ఏ బోర్డు మారుస్తున్నారు, ఎంతకాలం గ్యారంటీ అన్నవి చీటీ మీద రాయించుకోండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి.

వానలు, ఉరుములు

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వేసవి సాయంత్రాల్లోనూ ఉరుములు ఉంటాయి. ఉరుము వినిపిస్తే స్విచ్ ఆపడం సరిపోదు, ప్లగ్గు తీయాలి. దాంతోపాటు డిష్ కేబుల్, ఇంటర్నెట్ వైరు కూడా తీయాలి. హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోయిన టీవీల్లో చాలావాటికి పిడుగు ప్రభావం వచ్చింది ఆ కేబుళ్ల దారినే. ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. ఎర్త్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా పూర్తి రక్షణ రాదు.

2021 నవంబరులో వచ్చినట్టు నీళ్లు ఇంట్లోకి వచ్చి టీవీ తడిస్తే, ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు. అలా పరీక్షించినప్పుడే చాలా బోర్డులు కాలతాయి. తెరను నిటారుగానే ఉంచి, వెనక మూత తీయించి, ఎండ నేరుగా తగలని చోట ఫ్యాను గాలికి కొన్ని రోజులు ఆరనివ్వాలి. వరద నీటిలోని బురద ఆరాక కూడా తుప్పు పట్టిస్తుంది, కాబట్టి బోర్డులను ఆల్కహాల్‌తో కడిగించాకే కరెంటు ఇవ్వాలి. నీళ్లు గాజు అంచులోకి పోయి ఉంటే మాత్రం ఆ ప్యానెల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అలాంటి టీవీలోనూ బాగున్న పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, స్పీకర్లు, రిమోట్ ఉంటాయి. అదే మోడల్ టీవీ బాగుచేస్తున్న మెకానిక్ వాటిని కొంటాడు. మిగిలిన గాజు, ప్లాస్టిక్‌ను చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. కొత్త టీవీ కొంటున్న షాపులో పాతది తీసుకుంటారేమో ముందే అడిగితే, మోసుకెళ్లే శ్రమా తప్పుతుంది.